ముల్లు ఎత్తిన చోట

ఎడిన్‌బరో
1958 ఫిబ్రవరి 9

అత్తా,

నువ్వు అల్లి పంపిన ఊలు మఫ్లరు అందింది. మెడకు మూడు చుట్లు చుట్టినా ఇంకా మోకాళ్ళదాకా వేలాడుతోంది. నిన్న రిహార్సల్‌కి వేసుకెళ్తే పియానో వాయించే ఆయన, గొంతు నొప్పా లేక ఓడకు లంగరు తాడా అని అడిగాడు. మా అత్తకు నా గొంతంటే భయం, అది పగిలిపోయే పింగాణీ అనుకుంటుంది అని చెప్పాను.

అసలు సంగతి ఇది. రికార్డు కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు! ఇన్నేళ్ళూ చర్చి సంగీతమూ ఇటలీ పాటలూ పాడించినవాళ్ళు ఈసారి మన స్కాట్లండ్ పాటలే కావాలంటున్నారు. పన్నెండు పాటలు, ఒక పెద్ద రికార్డు, పియానో తప్ప వేరే వాయిద్యం లేదు. వాటిలో సగమైనా మన పోర్ట్ కైర్నీ పాటలు ఉండాలని నా కోరిక. చిన్నప్పుడు మీరంతా కింద గదిలో పాడుకుంటుంటే పైన గోడలో బిగించిన పెట్టెమంచంలో పడుకుని, చెక్కల సందులోంచి విన్నవే నా మొదటి పాఠాలు. మాంచెస్టర్‌లో గురువుగారి దగ్గర నేర్చుకున్నవన్నీ ఆ తర్వాతవే.

పాడితే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో, నువ్వు ఊళ్ళో ఒక మాట అడిగి రాయి. ముఖ్యంగా వాటీ మామను అడుగు.

నీ పింగాణీ
మాగ్నస్


పోర్ట్ కైర్నీ
ఫిబ్రవరి 20

ఒరేయ్ పింగాణీ,

మఫ్లరు పొడుగైతే మడిచి కట్టుకో. తాడుతో పోల్చిన ఆ పియానో ఆయన్ని ఒకసారి ఇక్కడికి పంపు, ఈ ఫిబ్రవరి గాలిలో రేవు మీద నిలబెడతాను. అప్పుడు ఇంకొకటి అల్లమని ఆయనే బతిమాలతాడు.

నీ సంగతి వలల కొట్టంలో చెప్పాను. అందరికీ ఒకటే సంబరం. వల బాగుచేసే సూదులన్నీ ఆగిపోయాయి, సాయంత్రానికి ఒక్క చిరుగూ కుట్టలేదు. వాటీ బావ దగ్గుతూ వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. జెస్ అక్క పోయి ఒంటరైనప్పటినుంచీ బుధవారం బుధవారం ఆయన భోజనం మా ఇంట్లోనే కదా. అడిగాను, మన ఊరి పాటలు మాగ్నస్ రికార్డులో పాడతాడట, నీకేమైనా అభ్యంతరమా అని.

"అభ్యంతరమేంటే! అన్నీ పాడుకోమను. ఆ గడ్డం మెడలో దోపుకుని మాత్రం పాడొద్దను. నిద్రపోయే కోడిలా ఉంటాడు" అన్నాడు.

అదీ సమాధానం. కోడి అంటే గుర్తొచ్చింది, మన ఎర్రకోడి గుడ్లు పెట్టడం మానేసి పక్కింటి గోడెక్కి కూర్చుంటోంది. దానికి ఏ ఇటలీ పాట నచ్చుతుందో చెప్పు, పాడి దింపుకుంటాను.

మీ అత్త
బేతియా


ఎడిన్‌బరో
ఏప్రిల్ 6

అత్తా,

అయిపోయింది. నాలుగు రోజులు కిటికీలు లేని గదిలో నిలబడి పాడాను. వాటీ మామ మాట గుర్తు పెట్టుకుని గడ్డం పైకెత్తి పాడాను, దానివల్ల గొంతు మైకుకు అందక ఒక పాట మళ్ళీ మొదటినుంచి పాడాల్సి వచ్చింది. ఆయనకు చెప్పు.

పదకొండు పాటలేమిటో నీకు వేరే కాగితంమీద రాశాను. పన్నెండోది మాత్రం చెప్పను. రికార్డు వచ్చాక మీ అందరి మధ్యా కూర్చుని వినండి. అది మొదలయ్యేటప్పుడు నువ్వు వాటీ మామ ముఖం చూసి, చూసింది చూసినట్టు నాకు రాయాలి. నేను ఇన్నాళ్ళూ పాడిందంతా ఒక ఎత్తు, ఆ ఒక్క పాటా ఒక ఎత్తు.

ఎర్రకోడికి ఇటలీ పాటలు పనికిరావు. గింజలు చల్లి చూడు.

మాగ్నస్


పోర్ట్ కైర్నీ
జూన్ 14

మాగ్నస్,

రికార్డు పగలకుండా చేరింది. శనివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా మన ముందుగదిలోనే. కుర్చీలు చాలక చేపల పెట్టెలు బోర్లించాం.

ముందు ఆ అట్ట సంగతి చెప్పు. నీ వెనక ఆ కొండలెక్కడివిరా? మన దగ్గర అలాంటి కొండల్లేవు. ఆ గొర్రె కూడా మనది కాదు. నీ జుట్టు మాత్రం మీ నాన్నదే, ఎంత నూనె రాసినా అలాగే లేస్తుంది.

ఇక పాటలు. నాగలి దున్నే కుర్రాడి పాటకు చేపలవాళ్ళు కూడా కాళ్ళతో తాళం వేశారు. మా అమ్మ వల అల్లేటప్పుడు పాడిన జోల వచ్చేసరికి నేను లేచి కేటిల్ చూసే వంకతో వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అందరికీ తెలుసు, కేటిల్ అప్పటికే దించేశానని. అంత శుభ్రంగా, అంత నింపాదిగా ఆ పాట పాడతారని నాకు తెలియదు. అమ్మ వింటే, ఇంత సాగదీస్తే వల ఎప్పుడు పూర్తవుతుందిరా అనేది, కానీ విని ఉంటే బాగుండేదని అనిపించింది.

ఎర్రకోడి దిగింది.

మీ అత్త


ఎడిన్‌బరో
జూన్ 22

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొర్రె ఉంది, జుట్టు ఉంది, కేటిల్ ఉంది, కోడి కూడా దిగింది. దీపాల పాట ఏదీ? పడవలు కొండమలుపు తిరిగి ఇంటికొస్తుంటే ఆడవాళ్ళు రేవులో నిలబడి దీపాలు చూసుకునే ఆ పాట కోసమే కదా నేను ఈ రికార్డంతా చేసింది! వాటీ మామ ఏమన్నాడు? ముఖం ఎలా పెట్టాడు? ఒక్క ముక్క రాయవేం?

మాగ్నస్


పోర్ట్ కైర్నీ
జూలై 3

మాగ్నస్,

గ్రామఫోన్ ముల్లు కాస్త అరిగినట్టుంది. బావకు దగ్గు ఎక్కువగా ఉంది, రెండు బుధవారాల నుంచీ భోజనానికి రావడం లేదు. చారు గిన్నెలో పోసి పంపుతున్నాను. గిన్నె కడిగి తిరిగొస్తోంది కాబట్టి తింటున్నాడనే అనుకోవాలి.

ఇక్కడ బంగాళాదుంపలు బాగా వచ్చాయి. నువ్వు వేళకు తిను.

అత్త


ఎడిన్‌బరో
జూలై 8

అత్తా,

ఈ పార్సిల్‌లో ఒక పెట్టెడు ముళ్ళు పంపుతున్నాను, మంచి రకం. రికార్డు చివర గీత పడిందేమోనని ఇంకొక రికార్డు కూడా పెట్టాను. ఇప్పుడైనా విని రాయండి. వాటీ మామకు దగ్గు మందు కూడా ఉంది. చేదుగా ఉంటుంది, తేనె కలపమను.

మాగ్నస్


పోర్ట్ కైర్నీ
ఆగస్టు 17

మాగ్నస్,

ముళ్ళు అందాయి, చాలా పదునుగా ఉన్నాయి. రెండో రికార్డు భద్రంగా దాచాను. బావ మందు తాగాడు, తేనె ఒక్కటే నాకేశాడని నా అనుమానం.

ఇంతకంటే రాయడానికి తోచడం లేదురా. వలల పని ఎక్కువగా ఉంది.

అత్త


ఎడిన్‌బరో
సెప్టెంబరు 28

అత్తా,

నిన్న ఇక్కడ వీధిలో మన స్కూలు టీచరమ్మ డల్గార్నోగారు కనబడింది. రికార్డు గురించి ఎంతో మెచ్చుకుంది. ఆఖరి పాట ఎలా ఉందండీ అని అడిగాను. ఆమె నేలచూపులు చూసింది. ఆమె చెప్పింది ఇది: మన ఊళ్ళో నా రికార్డు తొమ్మిదిళ్ళలో ఉందట. తొమ్మిదిళ్ళలోనూ పదకొండు పాటలు వింటారట. పన్నెండోది రాగానే ముల్లు ఎత్తేస్తారట. మొట్టమొదట ఎత్తింది నువ్వేనట.

అరిగిన ముల్లు లేదు, గీత లేదు. నేను పిచ్చివాడిలా ముళ్ళు కొని పంపుతున్నాను.

నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు కదా అత్తా. పత్రికలవాళ్ళు ఎంత తిట్టినా తట్టుకున్నాను. నా గొంతు మరీ నున్నగా ఉందనీ, మన పాటకు సూటు తొడిగాననీ మీకు అనిపిస్తే ఆ మాట ముఖంమీదే అనండి. నన్ను నాలుగు తిట్టడానికి మీకు ఎప్పుడైనా మొహమాటం అడ్డొచ్చిందా? నా ఊరు నా పాట వినకుండా ముల్లు ఎత్తేస్తే ఇంకెవరికోసం పాడాలి నేను?

మాగ్నస్


పోర్ట్ కైర్నీ
అక్టోబరు 5

నాయనా మాగ్నస్,

ముందు నీళ్ళు తాగి కూర్చో. నీ గొంతు గురించి ఈ ఊళ్ళో ఒక్కరు ఒక్క మాట అనలేదు. అనగలిగే అవకాశమే లేదు. ఆ పాట నీ గొంతులో ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

అది వాటీ బావ పాటరా.

మన దగ్గర పాటకు మనిషి ఉంటాడు. వల అల్లే జోల నాది, మా అమ్మ నాకు ఇచ్చింది, అందుకే నువ్వు పాడితే మురిసిపోయాను, నీకు నేను ఎప్పుడో ఇచ్చినట్టే. దీపాల పాట బావది. ఆయన బతికుండగా ఇంకొకరు దాన్ని ఎత్తుకోరు, బట్టలుతుకుతూ కూడా కూనిరాగం తీయరు. ఆయనకు ఇవ్వాలనిపిస్తే నలుగురి ముందు నిలబడి "ఇక ఇది నీది" అంటాడు. అన్నాక ఆయన మళ్ళీ పాడడు. ఇది ఎవరూ నేర్పరు. ఇంట్లోకొచ్చేటప్పుడు టోపీ తీయమని నీకు ఎవరు నేర్పారు? ఇదీ అంతే. నువ్వేమో పదకొండేళ్ళకే పాటల బడికి వెళ్ళిపోయావు. పెట్టెమంచంలోంచి పాట విన్నావు, గదిని చూడలేదు. ఇన్నేళ్ళలో అది ఒక్క బావ గొంతులోనే ఎందుకు వినబడిందో నీకు తోచలేదు.

తప్పు నాది కూడా. ఊరి పాటలు అని అడిగాను, అన్నీ పాడుకోమన్నాడు. ఆ అన్నిటిలో ఆయనది లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నీకు తెలియదని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ శనివారం ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అట్ట వెనక పేర్లు చదివాడు, వేలు పెట్టి చివరిదాకా. చదివి అట్టను బోర్లా పెట్టి, "టీ చల్లారిపోతోంది" అన్నాడు. నేను వెళ్ళి ముల్లు ఎత్తేశాను. ఇంకేం చేయను చెప్పు!

మొన్న చారు నేనే తీసుకెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టాడు. "వాడికే ఇద్దామనుకున్నానే. వాడికి ఇరవయ్యొకటి నిండినప్పుడు ఇద్దామంటే మాంచెస్టర్‌లో ఉన్నాడు. ఆ తర్వాత కచేరీల తోక కోటు వేసుకుని వచ్చాడు, ఈ చేపల కంపు పాట వాడికెందుకులే అని నాకే సిగ్గేసింది. ఇచ్చేవాణ్ణే. ఇవ్వనిస్తే కదా!" అన్నాడు.

కోపం కాదురా అది. ఇవ్వాలని దాచుకున్న వస్తువు, తీసి చూసేసరికి అరలో లేదు. అంతే.

నీ అత్త


ఎడిన్‌బరో
అక్టోబరు 14

అత్తా,

వారం రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. వాటీ మామకు నా తరఫున ఇది చదివి వినిపించు.

మామా, నేను దొంగతనం చేశానని తెలియకుండానే చేశాను. తెలియకపోవడం కూడా నా తప్పే. కంపెనీవాళ్ళకు రాశాను, రికార్డు మళ్ళీ అచ్చువేసేటప్పుడు ఆ పాట తీసేస్తారు. అమ్ముడైనవాటిని వెనక్కి తేలేను. తోక కోటు వేసుకుని వచ్చిన రోజు మీరు పాట ఇస్తే ఆ కోటుతోనే మీ గడపలో కూలబడి ఏడ్చేవాణ్ణి. చేపల కంపు అన్నారట. నాకు ఆ పాట ఎప్పుడు తలుచుకున్నా ఇంటి పొగ వాసన వస్తుంది.

అత్తా, ఒక్కటి నీకు చెప్పుకుంటాను. రికార్డింగ్‌లో నేను గొడవపడింది ఆ పాట దగ్గరే. ఆఖరి చరణానికి ముందు వాటీ మామ ఆగుతాడు కదా, చాలాసేపు. నేనూ అంతే ఆగాను. రికార్డు చేసే ఆయన పరుగెత్తుకొచ్చి, "ఏమయ్యా, మరచిపోయావా? వినేవాళ్ళు పాటైపోయిందని లేచిపోతారు" అన్నాడు. ఆగకపోతే అది ఆ పాట కాదన్నాను. ఎందుకాగాలి అంటే చెప్పలేకపోయాను. చిన్నప్పుడు పైన ఊపిరి బిగబట్టి పడుకునేవాణ్ణి, అంతవరకే తెలుసు. చివరికి నా మాటే నెగ్గింది. ఇప్పుడు దానివల్ల ఎవరికేం లాభం!

నవంబరులో పడవలు యార్మత్ చేపలవేట ముగించుకుని తిరిగొచ్చే రోజుకు రావాలని ఉంది. కానీ ఆ రోజులన్నీ లీడ్స్‌లో కచేరీలకు ఒప్పుకున్నాను. నాకు ముఖం కూడా చెల్లడం లేదు.

మాగ్నస్


పోర్ట్ కైర్నీ
నవంబరు 30

మాగ్నస్, నాయనా,

నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. వినగానే టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. అందుకే నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కుదురుగా చదువు.

పడవలు గురువారం వచ్చేశాయి, అన్నీ. నిన్న చర్చి హాల్లో ఎప్పటిలాగే విందు. జెండాలు కట్టాం, గుడ్డలో ఉడికించిన పండ్ల ముద్ద నేనే చేశాను, ఈసారి ఎండుద్రాక్ష అడుగున దిగిపోలేదు. తినడాలయ్యాక బావ లేచాడు. అందరం చెంచాలు కింద పెట్టేశాం.

రెండు చరణాలు పాడాడు. రెండోదాని చివర దగ్గొచ్చింది. ఆగాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ ఎత్తుకోబోయాడు, ఊపిరి అందలేదు. ఆ హాల్లో ఆ పాట రానివాడు ఒక్కడూ లేడు, నోరు తెరిచినవాడూ ఒక్కడూ లేడు. ఎలా తెరుస్తారు? బల్ల పట్టుకుని ఆయన నిలబడ్డాడు, మేము కూర్చున్నాం.

అప్పుడు నావైపు తిరిగాడు. "బేతియా, కుర్రాడు నీ పెట్టెలో ఉన్నాడా?"

"ఉన్నాడు బావా."

"తీసుకురా."

ఈ వయసులో మన ఇంటి గట్టు ఎలా ఎక్కానో, గ్రామఫోన్ మోసుకుని ఎలా దిగానో నాకే తెలియదు. పెట్టాను. ఇన్ని నెలలుగా ఆ పాట దగ్గర ముల్లు ఎత్తడం అలవాటైన చెయ్యి, దించాల్సి వచ్చేసరికి గాలిలోనే ఆగిపోయింది. బావే నా మణికట్టు పట్టుకుని దించాడు.

నీ గొంతు వచ్చింది. నున్నగానే ఉందిరా, అబద్ధమెందుకు. మొదటి చరణం అయ్యేసరికి ఆ సంగతి మరచిపోయాను. దీపాలు ఒక్కొక్కటే మలుపు తిరుగుతుంటే యార్మత్ నుంచి వచ్చిన మగవాళ్ళు ప్లేట్లలోకి చూస్తూ కూర్చున్నారు. రెండో చరణం అయింది. నువ్వు ఆగావు.

బావ తల పైకెత్తాడు. "ఆగాడు!" అన్నాడు, ఎవరితోనూ కాదు.

నువ్వు ఎందుకాగాలో తెలియదన్నావు. ఆ ఆగడం తలలు లెక్కపెట్టుకోవడానికి. పాడేవాడు గదిలో ఉన్నవాళ్ళను చూసుకుంటాడు, ఎవరెవరు తిరిగొచ్చారో. ఆ లెక్క అయ్యాకే ఆఖరి దీపం చరణం. బావకు వాళ్ళమ్మ అలా నేర్పింది, ఆమెకు ఆమె అత్త. పైన మంచంలో పడుకున్న పిల్లలనూ లెక్కలో వేసుకునేవాడు, నిన్ను కూడా. పెట్టెలో నీ గొంతు ఆగిన ఆ కాసేపట్లో బావ బల్ల వెంట బల్ల చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఆయన చివరి బల్ల దగ్గరికి వచ్చేసరికి నువ్వు అందుకున్నావు. నువ్వు ఆయన్ని చూస్తూ పాడుతున్నావా అనిపించింది.

అయ్యాక బావ అడిగాడు, "అక్కడ ఆగమని వాడికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నీ దగ్గర విన్నాడు. వద్దన్నవాడితో పోట్లాడి మరీ ఆగాడు. మొన్న చదివాను కదా!"

"చదివావు. నేను నమ్మలేదు."

పెట్టె మూతమీద చెయ్యి వేశాడు. అందరికీ వినబడేటట్టు, "మాగ్నస్ మెయిర్, ఇక ఇది నీదిరా" అన్నాడు. గ్రామఫోన్‌తో! ఒక్కరూ నవ్వలేదు. నేను మాత్రం ఏడ్చాను, ఈసారి కేటిల్ వంక కూడా పెట్టుకోలేదు.

అంతటితో అయిపోలేదు. కూర్చోబోతూ అన్నాడు, "లెక్కలో ఒకడు తగ్గాడు. పెట్టె లెక్కలోకి రాదు, అది టీ తాగదు. వాడొచ్చేదాకా జెండాలు తియ్యొద్దు." ఇప్పుడు హాలు నిండా జెండాలు వేలాడుతున్నాయి. ఆదివారం బడి ఎలా నడపాలని పాస్టరుగారు మొత్తుకుంటున్నారు. తీసే ధైర్యం ఎవరికీ లేదు.

రికార్డులోంచి పాట తీసేయమని రాశావే, ఆ ఉత్తరం వెంటనే వెనక్కి తీసుకో. ఇప్పుడది నీ పాట. బావ ఇవాళ పొద్దున గట్టు దిగుతూ అలవాటులో ఎత్తుకుని, నాలుక కరుచుకుని ఆపేశాడు. కిటికీలోంచి చూశాను. ఆ ఒక్కటీ చూడలేకపోయాను నాయనా.

మీ అత్త
బేతియా


లీడ్స్
డిసెంబరు 4

అత్తా,

నీ ఉత్తరం కచేరీకి ముందు చదివాను. అలా చదవకూడదు. మొదటి పాట ఎలా పాడానో దేవుడికే తెలియాలి. నీ మఫ్లరు తడిసిపోయింది. అంత పొడుగు ఎందుకు అల్లావో ఇప్పుడు అర్థమైంది.

కంపెనీకి టెలిగ్రాం ఇచ్చాను, పాట ఉంటుంది.

వాటీ మామకు చెప్పు. పాట నాదైతే దానిమీద నా మాట చెల్లాలి కదా. పాటకు యజమానిగా ఇది నా ఆజ్ఞ: నేను వచ్చేదాకా ఆ పాట ఆయనే పాడాలి, గట్టుమీదైనా, పొయ్యి దగ్గరైనా, ఎక్కడైనా. ఊపిరి చాలినంత పాడితే చాలు. మిగిలింది పక్కన నిలబడి నేను అందుకుంటాను. చిన్నవాడు పెద్దవాడికి ఆజ్ఞ ఇవ్వడమేమిటని గొణిగితే, తేనె సీసా ఇంకొకటి తెస్తున్నానని చెప్పు.

డిసెంబరు ముప్పయ్యొకటిన మధ్యాహ్నం రైల్లో వస్తున్నాను. తోక కోటు తేవడం లేదు. పాస్టరుగారిని అంతవరకూ ఓపిక పట్టమను. నేరుగా హాలుకే వస్తాను, మీరంతా అక్కడే ఉండండి, మామను మొదలుపెట్టమను.

రెండో చరణం అయ్యాక మాత్రం లెక్క తొందరగా ముగించొద్దను. ఆ రైలు ఎప్పుడూ ఆలస్యమే.

మీ
మాగ్నస్